మంటకు కరవు



చిన్నప్పుడు ఎండాకాలం రాత్రుళ్లు మేమంతా మిద్దె మీద పడుకునేవాళ్లం. ఒక్కో రాత్రి ఊరవతలి కొండ మీద ఎర్రటి గీత ఒకటి కనిపించేది. మొదట మూరెడు ఉండేది. కాసేపటికి సాగి, వంకర తిరిగి, కొండ నడుముకు మొలతాడు కట్టినట్టు అయ్యేది. పిల్లలకు అదొక వేడుక. పెద్దవాళ్లు తల ఎత్తి చూసి, "కొండ కాలతాంది" అని ఒక్క మాట అనుకుని, పక్కకు తిరిగి పడుకునేవాళ్లు. కొండ మాదే. కాలేది మా జీవాల మేతే. అయినా అదేదో పక్కూరి పంచాయితీ అన్నట్టుండేది మా తీరు. పొద్దున లేచి చూస్తే కొండ నల్లగా గొరిగినట్టుండేది. జూన్ దాకా జీవాలకు ఆ దిక్కున పని లేదు.

ఈ పూట ఆ ఎర్రటి గీత గురించే చెబుతాను. అది ఎట్లా నడుస్తుంది, ఎక్కడ ఆగుతుంది, దాన్ని ఆపబోయిన మనిషి ప్రాణంతో ఇంటికి ఎట్లా తిరిగి రావాలి. ఈ మూడు సంగతులు.

మన అనంతపురం సీమలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్యం తీరం దాటి మన దాకా వచ్చేసరికి నీరసపడుతుంది. ఇంత ఎండిన చోట కరవు ఏడాదిలోనే కొండలు ఎక్కువగా కాలుతాయని ఎవరైనా అనుకుంటారు. లెక్క చాలాసార్లు తిరగబడుతుంది. వాన లేని ఏడాది కొండ మీద కసువు జానెడు కూడా లేవదు. లేచిన పరకను మేకలు కొరికేస్తాయి. బండకూ బండకూ నడుమ ఉత్త ఎర్రమట్టి. అక్కడ అగ్గిపుల్ల గీసి పడేసినా మంట రెండు బారలు పాకి చచ్చిపోతుంది.

అదే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వానలు బాగా పడిన ఏడాది చూడండి. బోద గడ్డి నడుము దాకా లేస్తుంది. చెరువులు నిండాయని, బోర్లు పొంగాయని సంబరపడతాం. సంక్రాంతి నాటికి ఆ కసువు రంగు మారుతుంది. శివరాత్రి నాటికి గుప్పిట పట్టి నలిపితే పొడి అవుతుంది. అప్పుడు ఆ కొండ, చుట్టూ కంచె లేని పెద్ద గడ్డివామి. మంచి వానల ఏడాది వెనకాలే మంటల ఏడాది నడిచి వస్తుంది. మన సీమలో కార్చిచ్చుకు మేత పెట్టేది వానే.

మంట బతకాలంటే మూడు కావాలి. మేత, గాలి, వేడి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది బతకదు. గాలిని మనం ఆపలేం. మన దగ్గర గాలి ఎంతుందో రామగిరి కొండల మీద తిరిగే గాలిమరలను అడిగితే చెబుతాయి. వేడిని చల్లార్చాలంటే నీళ్లు కావాలి. తాగడానికి ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే ఊళ్లో కొండ మీదికి నీళ్లు ఎవరు మోస్తారు? ఫైరింజను రోడ్డు ఉన్నంత దూరమే వస్తుంది. 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవులు తగలబడినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి పైనుంచి నీళ్లు కుమ్మరించాయి. అది వెంకన్న కొండ, అక్కడ ఎర్రచందనం ఉంది, దేశమంతా చూస్తోంది, కాబట్టి వచ్చాయి. పెనుకొండ పక్కన కసువు గుట్ట కాలితే హెలికాప్టరు రాదు.

ఇక మిగిలింది మేత. మన దగ్గర మంటను ఆర్పడమంటే దాని ముందు నుంచి మేత లాగేయడమే. కరవు ఎంత పని చేస్తుందో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మేత లేని ఏడాది మన పశువులు ఎట్లా బక్కచిక్కిపోయాయో కళ్లారా చూసిన వాళ్లం. ఆ కరవునే మంటకు తేవాలి. కార్చిచ్చును ఆపే విద్యలన్నీ, ఇక్కడివైనా అమెరికావైనా, ఈ ఒక్క మాటలో ఇమిడిపోతాయి.

ఈ పనిని ఊరి మనుషులే చేసి చూపించిన చోటు మన దగ్గరే ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో 32 ఎకరాల బీడు నేలలో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ మొదలైంది. బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, జాన్ డిసౌజా దాన్ని మొదలుపెట్టారు. జపాన్ రైతు ఫుకుఓకా రాసిన 'గడ్డిపరకతో విప్లవం' వాళ్లకు దారి చూపిన పుస్తకం. నేలను దాని మానాన వదిలితే అదే కోలుకుంటుందన్నది ఆ దారి. మానాన వదలడమంటే వినడానికి సులభమే. వదలాలంటే ముందు మూడింటిని ఆపాలి: గొడ్డలి, విచ్చలవిడి మేపు, అగ్గి. అన్నిటికన్నా కష్టమైంది అగ్గి. గొడ్డలి పట్టినవాడిని నిలదీయవచ్చు. అగ్గి వేసినవాడు ఎవరో తెలిసేసరికి కొండ కాలిపోయి ఉంటుంది.

ఆ తర్వాత ముష్టికోవెల, దాని చుట్టుపక్కల ఊళ్ల ఉమ్మడి బీళ్లు కలిసి కల్పవల్లి అనే అడవి అయ్యాయి. వేల ఎకరాల కొండలు, గుట్టలు. అక్కడ పెద్ద పెద్ద చెట్లు నాటి అడవి తెచ్చింది తక్కువ. కాపాడితే మోడుల్లోంచి, వేళ్లలోంచి, నేలలో దాగిన గింజల్లోంచి దానంతటది వచ్చిందే ఎక్కువ. ఊళ్లవాళ్లే కాపలాదారులు. ఎండాకాలానికి ముందే కసువు కోసి, చెక్కి, కొండల మీద అగ్గిగీతలు తీస్తారు. ఫారెస్టు వాళ్ల భాషలో ఫైర్ లైన్లు. పొగ కనిపిస్తే పచ్చి కొమ్మలు పట్టుకుని పరుగెత్తుతారు. ఆ కొండల మీద ఇప్పుడు మేత ఉంది, ఈత ఉంది, ఇంటికప్పుకు బోద ఉంది, తోడేళ్లు తిరుగుతున్నాయి. ఇన్నేళ్లుగా ఇదంతా నిలిచింది ఎండాకాలంలో కొండ మీద కన్ను వేసి ఉంచిన మనుషుల వల్ల.

ఇక మంట నడక గురించి. కసువు మంటకు మూడు స్వభావాలున్నాయి. ఇవి తెలియకుండా కొండ ఎక్కకూడదు.

మొదటిది పొద్దును బట్టి మారే స్వభావం. సన్నటి ఎండుకసువు గాలిలోని తేమను గంటలోపే పీల్చుకుంటుంది, గంటలోపే వదిలేస్తుంది. లావు కొయ్యకు దానికి రోజులు పడతాయి. అందుకే తెల్లవారుజామున మంచు పట్టిన కసువుకు నిప్పు పెట్టినా కుములుతుందే గానీ అంటుకోదు. అదే కసువు మధ్యాహ్నం రెండు గంటలకు భగ్గుమంటుంది. అగ్గిగీతల కోసం కసువు కాల్చే ఫారెస్టు సిబ్బంది ఆ పనిని పొద్దున్నే, గాలి లేని వేళ పెట్టుకునేది ఇందుకే. పగలు ఆగని మంట రాత్రి నీరసపడుతుంది. మధ్యాహ్నం మూడింటికి దాని మూతి ముందు నిలబడి పోట్లాడే కన్నా, గీత తీసుకుని పొద్దు గూకేదాకా కాచుకోవడం చాలాసార్లు తెలివైన పని.

రెండోది ఏటవాలు. నీళ్లు పల్లమెరుగు అంటాం కదా, మంట మిట్టమెరుగు. చదును నేల మీద మంట నాలుక నిటారుగా ఆకాశాన్ని నాకుతుంది. కొండ వాలులో అదే నాలుక ఎగువనున్న కసువు మీదికి వాలుతుంది. ముట్టుకోకముందే దాన్ని వేడెక్కించి ఎండబెడుతుంది. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుల లెక్క ఒకటుంది: వాలు 10 డిగ్రీలు పెరిగితే మంట వేగం సుమారు రెట్టింపవుతుంది. 20 డిగ్రీలకు నాలుగింతలు. మనిషి సంగతి అందుకు తలకిందులు. వాలు పెరిగేకొద్దీ మోకాళ్లు పట్టేస్తాయి, ఊపిరి అందదు. కొండ మీద మంటతో ఎగువకు పరుగు పందెం పెట్టుకున్నవాడు ఓడిపోతాడు. ఇది మరచిపోవద్దు. ఇక రెండు గుట్టల నడుమ ఇరుకు లోయ ఉందంటే అది పొయ్యి గొట్టం లాంటిది. కింద రగిలిన మంట అందులో ఒక్క ఊపున పైకి వస్తుంది. నీడగా ఉందని అందులో దాక్కోకూడదు.

మూడోది గాలి. పగలు ఎండకు వేడెక్కిన వాలు మీద గాలి కిందినుంచి పైకి వీస్తుంది. పొద్దు గూకాక చల్లబడి పైనుంచి కిందికి దిగుతుంది. ఈ మార్పు రోజూ జరిగేదే, కనిపెట్టి ఉండవచ్చు. కనిపెట్టలేనిది ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలివాన. పడమట నల్లగా మబ్బు కమ్ముతుంది. వానొస్తుంది, మంట ఆరిపోతుందని సంతోషపడతాం. మన ఎండలకు ఆ చినుకులు చాలాసార్లు నేల చేరకముందే ఆవిరైపోతాయి. నేల మీదికి దిగేది చల్లటి ఈదురుగాలి ఒక్కటే. ఎటు నుంచి వస్తుందో తెలియదు. అంతవరకూ పక్కలకు మెల్లగా పాకుతున్న మంట ఒక్కసారిగా తల తిప్పుకుని, పక్క పొడుగంతా మూతి అవుతుంది. మంట దగ్గరున్నవాడు ఉరుము వింటే అక్కడినుంచి జరగాలి. సుడిగాలి లేస్తే కూడా అంతే. అది నిప్పురవ్వలను ఎత్తి, గీతకు అవతల పడేస్తుంది.

ఇక్కడ ఒక మాట. కసువు మంట చిన్నదనే భ్రమ మనలో ఉంది. పెద్ద చెట్ల అడవి తగలబడితే దూరం నుంచే భయం వేస్తుంది. కసువు మంట మోకాలెత్తు ఉంటుంది. కొమ్మ తీసుకుని నాలుగు దెబ్బలేస్తే పోతుందనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో గడ్డి మంట గంటకు 20 కిలోమీటర్లు దాటి పోయిన సందర్భాలున్నాయి. కార్చిచ్చుల్లో ప్రాణాలు పోయిన చోట్లు తిరగేస్తే, పెద్ద అడవుల కంటే ఇట్లాంటి కసువు, పొదల వాలులే ఎక్కువగా కనిపిస్తాయి. సన్నటి మేత త్వరగా అంటుకుంటుంది, త్వరగా దిక్కు మారుతుంది. ఏమరుపాటుకు అక్కడ రెండో అవకాశం ఉండదు.

ఆర్పే పద్ధతికి వద్దాం. పరుగెత్తే మంటకు పాముకున్నట్టే తల ఉంటుంది, పక్కలుంటాయి, తోక ఉంటుంది. గాలికి ముందుండేది తల. వెనక నీరసంగా కుములుతూ ఉండేది తోక. ఊరి జనం ఉరుకుతూ వచ్చి, ఆవేశంలో తలకు ఎదురు పోతారు. అక్కడే మోసం ఉంది. పట్టుకోవలసింది తోక దగ్గర. దున్నిన చేనో, బండి బాటో, ఇసుక వంకో, కాలి చల్లారిన నేలో, మంట దాటి రాలేని చోటు ఒకటి చూసుకుని, అక్కడినుంచి మొదలుపెట్టాలి. మన వీపు వెనక మంట మళ్లీ చుట్టుకు రాకుండా ఆ చోటు కాపు కాస్తుంది. అక్కడినుంచి రెండు జట్లుగా విడిపోయి, రెండు పక్కలా ఆర్పుకుంటూ ముందుకు పోతే, తల సన్నబడి సన్నబడి చివరికి రెండు జట్ల నడుమ నలిగిపోతుంది.

చేతిలో ఏముండాలి? కొత్త యంత్రాల్లో బ్లోయర్ మంచిది. వీపుకు తగిలించుకుని ఎండుటాకులను పక్కకు ఊదేస్తూ నిమిషాల్లో గీత తీయవచ్చు. ఫారెస్టు శాఖ వాళ్లు వాడుతున్నారు. మనకు దొరికేవి కొడవలి, పార, పచ్చి కొమ్మ. కానుగ, వేప లాంటి ఆకు దట్టంగా ఉన్న కొమ్మ కావాలి. కొమ్మతో చాకలి బండ మీద బట్ట బాదినట్టు బాదకండి. ఎత్తి కొట్టినకొద్దీ రవ్వలు లేచి అవతల పడతాయి. మంట మీద కొమ్మ ఆనించి, అదిమి, కాలిన నేల వైపు ఊడ్చినట్టు లాగాలి. ఊపిరాడక మంట చస్తుంది, రవ్వలు కాలినచోటే పడతాయి. ముందున్నవాళ్లు మంట అణచాలి, వెనకున్నవాళ్లు మిగిలిన నిప్పు తొక్కాలి. పది నిమిషాలకు ముందువాళ్లు వెనక్కి, వెనకవాళ్లు ముందుకు.

కొమ్మతో ఎంతవరకు? దీనికి ప్రపంచమంతా వాడే కొలత ఒకటుంది. మంట నాలుక నాలుగు అడుగులు దాటితే, అంటే రొమ్ము ఎత్తుకు వచ్చిందంటే, చేతి పనిముట్లతో దాని తల దగ్గరికి పోకూడదు. అప్పుడు చేయవలసింది వెనక్కి తగ్గి, దూరంగా, తీరిగ్గా గీత తీయడం. గీత వెడల్పు కనీసం కసువు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. వాలు ఉన్నా, గాలి ఉన్నా ఇంకా ఎక్కువ కావాలి. మట్టి కనిపించేదాకా చెక్కాలి. గీత దగ్గరినుంచి ఎదురు మంట పెట్టి, వచ్చే మంటకు మేత లేకుండా చేసే పద్ధతి కూడా ఉంది. వినడానికి బాగుంటుంది. గాలి తిరిగిందంటే ఒక మంట రెండవుతుంది, నడుమ మనుషులుంటారు. ఆ పని అనుభవమున్న అటవీ సిబ్బంది ఆజ్ఞ మీదే జరగాలి. మనంతట మనం రిజర్వు ఫారెస్టులో నిప్పు పెడితే 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం కూడా.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. 1990 జూన్‌లో అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో డ్యూడ్ ఫైర్ అనే కార్చిచ్చు లేచింది. నేను చెప్పిన ఆ ఉరుముల గాలే అక్కడా మంటను తిప్పేసింది. ఆరుగురు చనిపోయారు. ఆ రోజు అక్కడ పనిచేసిన జట్టు నాయకుల్లో పాల్ గ్లీసన్ ఒకరు. మరుసటి ఏడాది ఆయన, మంట దగ్గరికి పోయేవాడికి ఉండవలసినవి నాలుగని తేల్చి చెప్పాడు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో అదే మొదటి పాఠం. మన మాటల్లో ఆ నాలుగింటిని ఇట్లా గుర్తుపెట్టుకోండి: కన్ను, కబురు, బాట, బండ.

కన్ను అంటే కాపరి. అందరూ కొమ్మలు పట్టుకుని తలలు వంచి పనిచేస్తుంటే, ఒక్క మనిషి ఎత్తైన చోట నిలబడి మంటనూ గాలినీ మబ్బునూ చూస్తూ ఉండాలి. అతని చేతిలో కొమ్మ ఉండకూడదు. చూడడమే అతని పని.

కబురు అంటే అతను చూసింది అందరికీ చేరే దారి. కొండ వెనక సెల్లుకు సిగ్నలు ఉండదు. ఈల, కేక, తువ్వాలు ఊపడం, ఏదైనా సరే, కొండ ఎక్కకముందే అనుకోవాలి. మూడు ఈలలంటే పని వదిలి పొమ్మని. ఎందుకని అడగకూడదు.

బాట అంటే వెనక్కి పోయే దారి. అది ఎగువకు పోయేది కాకూడదు. చిల్లకంప అడ్డం లేకుండా, పరుగెత్తడానికి వీలుగా ఉండాలి. ఒకటి మూసుకుపోతే రెండోది ఉండాలి. పని చేస్తూ ముందుకు పోయేకొద్దీ బాట పొడుగవుతుందని గుర్తుండాలి.

బండ అంటే ఆ బాట చేరే చోటు. మన సీమకు దేవుడు నీళ్లివ్వకపోయినా బండలు ధారాళంగా ఇచ్చాడు. కసువు మొలవని పెద్ద పరుపుబండ మంట రాలేని చోటు. దున్నిన చేను, ఎండిన చెరువు, బాగా కాలి చల్లారిన నల్లనేల కూడా బండ కిందే లెక్క. కానీ చాప పరచినంత బండ చాలదు. మంట తాకకపోయినా సెగ చంపుతుంది. మంట ఎత్తుకు కనీసం నాలుగు రెట్ల దూరం మనకూ మంటకూ నడుమ ఉండాలి. వాలు మీద, గాలిలో ఆ దూరం ఇంకా పెరగాలి.

ఈ నాలుగూ లేని చోట ఏం జరుగుతుందో మన పొరుగునే చూశాం. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు వెళ్లినవాళ్లు, ఎండిన కసువు వాలు మీద మంటకు చిక్కారు. దారి తెలియక చెల్లాచెదురై పరుగెత్తారు. కొందరు లోయలో పడ్డారు. 23 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లు మంట ఆర్పడానికి పోయినవాళ్లు కూడా కాదు, కొండ చూడడానికి పోయినవాళ్లు. మరి ఆర్పడంలో ఆరితేరినవాళ్లకు? 2017 ఫిబ్రవరిలో బందీపూర్ అడవిలో మంటలార్పుతూ ఒక ఫారెస్టు గార్డు చనిపోయాడు.

ఇంకొక పాత సంగతి. 1949 ఆగస్టు 5న అమెరికాలోని మోంటానాలో, మాన్ గల్చ్ అనే కొండ ఇరుకులో, విమానం నుంచి గొడుగులతో దిగిన మెరికల్లాంటి కుర్రాళ్లు మంట ఆర్పడానికి కిందికి నడుస్తున్నారు. మంట వాళ్ల దిగువన, నదికీ వాళ్లకూ నడుమకు వచ్చేసింది. వెనుదిరిగి, నడుమెత్తు కసువు వాలులో పైకి పరుగు తీశారు. నాయకుడు వాగ్నర్ డాడ్జ్ ఉన్నట్టుండి ఆగి, అగ్గిపుల్ల గీసి, తన ముందున్న కసువుకే నిప్పు పెట్టాడు. అది కాలి నల్లబడిన చోట బోర్లా పడుకుని, తనతో రమ్మని పిలిచాడు. నాయకుడికి మతి పోయిందనుకున్నారు. ఎవరూ రాలేదు. పెద్ద మంట వచ్చింది. డాడ్జ్ చుట్టూ దానికి తినడానికి ఏమీ లేక, పక్కలనుంచి సాగిపోయింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఇంకో ఇద్దరు పైనున్న బండల సందు దూరి బతికారు. 13 మంది పోయారు.

మీరూ అట్లా నిప్పు పెట్టుకోమని ఈ కథ చెప్పలేదు. అది ఇక వేరే దారి లేని చివరి క్షణపు పని. కథలో బతికిన ముగ్గురినీ చూడండి. ఇద్దరిని బండ కాపాడింది. ఒకరిని, మంటకు మేత లేని నేల కాపాడింది.

ఒంటి సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్‌లో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. దానికి మంట సెగ తోడైతే, నిప్పు తాకకుండానే వడదెబ్బతో మనిషి పడిపోతాడు. గంటకు లీటరు నీళ్లయినా కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. ఉప్పేసిన మజ్జిగ, రాగి అంబలి ఇంకా మేలు. తోటివాడు తికమకగా మాట్లాడినా, చెమట ఆగి ఒళ్లు కాలుతున్నా, వెంటనే నీడకు మోసుకుపోయి, ఒళ్లంతా తడిపి, విసరాలి, ఆసుపత్రికి చేర్చాలి. బట్టలు నూలువి, నిండు చేతులవి వేసుకోవాలి. నైలాను, పాలిస్టరు సెగకు కరిగి చర్మానికి అంటుకుంటాయి. రబ్బరు చెప్పులు కూడా అంతే. తడి తువ్వాలు ముక్కుకు కట్టుకోవడం మనకు అలవాటు. సెగ మరీ దగ్గరైతే ఆ తడే ఆవిరై లోపల కాలుస్తుంది, పొడిగుడ్డ మేలు. ఏ గుడ్డా పొగలోని విషవాయువును ఆపదు. తల తిరిగితే పొగలోంచి బయటికి రావడమే మందు. ఇంకొకటి: కసువు కాలాక దాన్ని పట్టుకుని నిలిచిన రాళ్లు దొర్లుతాయి. ఒకరి నెత్తిన ఒకరు పడేటట్టు, ఎగువ దిగువల్లో నిలబడి పని చేయకండి.

మంట ఆరిందని ఊళ్లోకి వచ్చేశాక కొండ మళ్లీ అంటుకోవడం చాలాసార్లు చూశాం. ఎండుపేడ, తొర్ర మోడు, కూలిన మాను లోపల నిప్పు ఒకటి రెండు రోజులు కుములుతుంది. మరునాటి మధ్యాహ్నం గాలి లేస్తే బయటికి వస్తుంది. అందుకే అంచు పొడుగునా తిరిగి, అరచేతి వెనక వైపు దగ్గర పెట్టి వేడి చూసుకుని, మట్టి కప్పి రావాలి. మరుసటి రోజు ఒకరు పోయి చూసి రావాలి.

పొగ కనిపించగానే మొదట చేయవలసింది ఫోను. మీ బీటు ఆఫీసరుకు, లేదా 101కి, 112కి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల ద్వారా మంటలను కనిపెట్టి, అటవీ సిబ్బందికి ఫోన్లలో సందేశాలు పంపుతోంది. వాటిలో 375 మీటర్ల మేరకు చోటు చెప్పగలిగే ఉపగ్రహం మన మీదుగా మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, మళ్లీ రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో పోతుంది. మూడు గంటలకు లేచిన మంటను అది అర్ధరాత్రి దాటాక గానీ చూడదు. కొండ మీది గొర్రెల కాపరి మూడు గంటల ఒక్క నిమిషానికి చూస్తాడు.

ఆ కాపరినే మనం ఎప్పుడూ దొంగలా చూస్తాం, అగ్గి పెట్టేది వాడేనని. కొన్నిసార్లు నిజమే. పాత కసువు కాలితే, నేలలో చెమ్మ ఉంటే, నాలుగు రోజుల్లో పచ్చటి చిగురు లేస్తుంది. ఆకలితో అరిచే జీవాలున్నవాడికి అది ఆశ. కొండ కాలితే వానొస్తుందన్న మాట కూడా అక్కడక్కడా వినబడుతుంది. కానీ లెక్క వేసుకుంటే, నాలుగు రోజుల చిగురు కోసం నాలుగు నెలల మేత బూడిదవుతుంది. మొలిచిన చెట్టుపిల్లలు పోతాయి. జూన్‌లో మొదటి వాన పడగానే, పట్టుకునే వేరు లేక ఎర్రమట్టి చెరువులోకి దిగుతుంది. ఈ లెక్క అతనితో కూర్చుని మాట్లాడాలి. కోసుకోవడానికి కసువులో అతనికి వాటా ఉంటే, ఆ కొండకు అతనికన్నా మంచి కాపలాదారు దొరకడు. కోసిన కసువు జీవాల కడుపులోకి పోతుంది, మంటకు ఆ మేరకు కరవు వస్తుంది. రెండు పనులూ ఒక్క కొడవలితోనే.

కాబట్టి ఈ ఏడాది దేవుడు చల్లగా చూసి వానలు బాగా పడితే, సంతోషించండి. చెరువు నిండితే పూజ చేయండి. అట్లాగే ఒక్కసారి తలెత్తి, కొండ మీద కసువు ఎంత ఎత్తు లేచిందో చూడండి. సంక్రాంతి ముగ్గులు చెరిగిపోకముందే ఊరివాళ్లంతా కొడవళ్లు నూరుకుని, కొండ చుట్టూ గీత తీయండి. అప్పుడు ఎండాకాలం రాత్రి మిద్దె మీద పడుకున్న పిల్లలకు కొండ మీద ఎర్రటి గీత కనిపిస్తే, "కొండ కాలతాంది" అని పక్కకు తిరిగి పడుకోనక్కర్లేదు. ఆ మంట ఎక్కడికి వచ్చి ఆగుతుందో వేలు పెట్టి చూపించవచ్చు.